రోజ్ హెయిర్ టరాంటులా దసరా నుంచి తిండి ముట్టడం లేదు, చలికాలం వల్లేనా?

ఫ్రిస్కో_పద్మ
మావాడు కాలేజీకి వెళ్తూ నా నెత్తిన పెట్టిపోయిన టరాంటులా, అదే పెద్ద వెంట్రుకల సాలీడు, గురించి అడుగుతున్నా. చిలీ రోజ్ హెయిర్, పేరు సూర్యకాంతం. వేసవంతా వారానికో క్రికెట్ పురుగు వేస్తే రాత్రికి రాత్రి లాగించేసేది. పొద్దున చూస్తే నీళ్ళ గిన్నె పక్కన నల్లటి చిన్న ఉండ ఒకటి మిగిలేది, అంతే. దసరా వెళ్ళిందో లేదో తిండి బంద్. పురుగు దగ్గరికొస్తే ముందుకాళ్ళు రెండూ ఎత్తి బెదిరిస్తుంది, లేదంటే పక్కకి జరిగిపోతుంది. నిన్న రాత్రయితే ఆ పురుగు దీని వీపెక్కి కూర్చుంది, అయినా చలనం లేదు.

మావాడికి ఫోన్ చేస్తే "సీజనల్ అమ్మా, వదిలెయ్" అంటాడు. సీజనల్ ఏమిటి, మామిడికాయా? ఇంట్లో హీటర్ పగలూ రాత్రీ 72 ఫారెన్‌హీట్ మీదే ఉంటుంది. బయట చలి మొదలైందని డబ్బాలో కూర్చున్న దీనికి ఎవరు చెప్పారు? మా ఆయన వెట్ దగ్గరికి తీసుకెళ్దామంటున్నాడు. నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది. వాడు సెలవులకి వచ్చేలోపు దీనికేమన్నా అయితే ఇంట్లో నేనుండలేను.

బూజుకర్ర
మా ఆవిడ దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒక్కటైనా తిండి మానేస్తే ఖర్చు తగ్గుతుందని నేను ఆశగా చూస్తున్నా. మీరు ఏం చేశారో కాస్త చెప్పండి.

కుబుసం_కలెక్టర్
పద్మగారూ, ముందు ఆ పురుగుని బయటికి తీసేయండి. తినని సాలీడు దగ్గర బతికున్న క్రికెట్‌ని రాత్రంతా వదలకూడదు. కుబుసం విడిచే సమయమైతే దీని ఒళ్ళు మెత్తగా ఉంటుంది, అప్పుడు ఆ పురుగే దీన్ని కొరుకుతుంది.

ఇక తిండి సంగతి. రోజ్ హెయిర్ పస్తులుండటం పెంచేవాళ్ళందరికీ తెలిసిందే. నెలల తరబడి ముట్టదు, ఏడాది దాటినవీ ఉన్నాయి. పెద్ద టరాంటులా రోజులో ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటుంది, ఒంట్లో ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ. అందుకని పస్తు ఒక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. నాకు మాత్రం ఇవి చెప్పండి: పొట్ట ఎంత లావుంది? పొట్ట మీద వెంట్రుకలు ఊడిన చోటేమైనా ఉందా, ఉంటే అక్కడ చర్మం ఏ రంగులో ఉంది? కిందటిసారి కుబుసం ఎప్పుడు విడిచింది?

ఫ్రిస్కో_పద్మ
తీసేశాను. పొట్ట బాగానే ఉంది, తల భాగం కంటే కాస్త పెద్దదే. వెనకవైపు బఠానీ గింజంత బట్టతల ఉంది, లేత గులాబీ రంగు. కుబుసం సంగతి వాణ్ణే అడగాలి. నా కళ్ళముందు విడిచుంటే నేను ఇండియా వచ్చేసేదాన్ని.

కుబుసం_కలెక్టర్
లేత రంగంటే కుబుసానికి ఇంకా టైముంది. దగ్గరపడితే ఆ చర్మం కింద కొత్త వెంట్రుకలు వచ్చేసి మచ్చ నల్లగా నిగనిగలాడుతుంది. మీది మామూలు పస్తు. నీళ్ళ గిన్నె నిండుగా పెట్టి వదిలేయండి.

టెంపె_సుబ్బు
"మామూలు పస్తు" అని కొట్టిపారేస్తే ఎలా కలెక్టర్ గారూ? ఆవిడ అడిగింది దానికెలా తెలిసిందని. నేను చెప్తా. హీటర్ వేడిని నిలబెడుతుంది కానీ గాలిని ఎండగొడుతుంది. బయటి చల్లగాలిలో నీటి ఆవిరి తక్కువ, దాన్నే లోపల వేడి చేస్తే తేమ శాతం ఇంకా పడిపోతుంది. మన పెదాలు పగిలేది, తలుపు గొళ్ళెం పట్టుకుంటే చురుక్కుమనేది అందుకే. మనకే తెలుస్తున్నప్పుడు ఒళ్ళంతా వెంట్రుకలున్న జీవికి తెలియదా?

నా దగ్గరున్నది ఇక్కడి అరిజోనా ఎడారిదే, అఫోనోపెల్మా చాల్కోడెస్. బయట ఉండేవైతే చలి మొదలవగానే బొరియ మూతిని మట్టీ పట్టూ కలిపి మూసేసి లోపల కూర్చుంటాయి. మా ఇంట్లోదానికి చలీ లేదు ఎండా లేదు, అయినా నవంబరు ఆఖర్లో, థాంక్స్‌గివింగ్ టైముకి తన గుంత మూసుకుంటుంది. ముందు లోపలి నుంచి ఒక్కొక్క మట్టి గడ్డనీ కోరల మధ్య పట్టుకొచ్చి అంచున పేరుస్తుంది, తర్వాత వెనక్కి తిరిగి పొట్ట అటూ ఇటూ ఊపుతూ పట్టు పూస్తుంది. మేస్త్రీ పని. ఒకసారి మొదలుపెడితే తెల్లారేదాకా ఆపదు.

లెస్టర్_లక్ష్మి
తేమ కాదండీ, వెలుగు. మాకు ఇంగ్లండులో డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. నా రోజ్ హెయిర్ కిటికీ ఉన్న గదిలో ఉంటుంది, సెప్టెంబరు ఆఖరుకే ముద్ద మానేస్తుంది. అప్పటికి మేమింకా హీటింగ్ వెయ్యం, గ్యాస్ బిల్లు చూస్తే మీకే తెలుస్తుంది ఎందుకో. తేమే కారణమైతే హీటింగ్ వేశాక కదా మానెయ్యాలి?

బూజుకర్ర
మా ఇంట్లో రాత్రి పన్నెండు దాకా టీవీ, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అంటే మా వాటికి ఏడాది పొడుగునా జూన్ నెలే. అయినా ఒకటి మానేస్తుంది, ఒకటి తింటూనే ఉంటుంది.

లెస్టర్_లక్ష్మి
మీ టీవీ వెలుతురూ కిటికీ వెలుతురూ ఒకటేనా బూజుకర్ర గారూ?

బూజుకర్ర
సాలీడుని అడిగి చెప్తా.

తిరుపతి_వెటర్నరీ
నేను పెంచేవాణ్ణి కాదు, చదువుకునేవాణ్ణి. మా క్లాసులో ఆవులూ కోళ్ళే తప్ప సాలీళ్ళు రావు. అయినా రెండు మాటలు. సాలీడు ఒంటికి సొంత వేడి ఉండదు, చుట్టూ ఎంత ఉంటే అంతే. చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలీ తగ్గుతుంది. పద్మగారు 72 అంటున్నది గోడ మీది థర్మోస్టాట్ చూసి. అది హాల్లో ఉంటుంది. డబ్బా ఎక్కడుంది? దాని పక్కన రాత్రిపూట ఎంత ఉంటుంది? అది చూడకుండా చలి లేదని ఎలా అనుకుంటాం?

రెండోది, సుబ్బుగారు తేమ గురించి చెప్పారు కాబట్టి. సాలీడు కాలిని ముడవడానికి కండరాలున్నాయి. కానీ ప్రధానమైన కీళ్ళని చాచడానికి లేవు, ఒంట్లోని ద్రవాన్ని కాలిలోకి నెట్టి ఆ ఒత్తిడితో చాస్తుంది. నీరు తగ్గితే ఒత్తిడీ తగ్గి కాళ్ళు పొట్ట కిందకి ముడుచుకుపోతాయి. తినకపోవడం కంటే ముందు భయపడాల్సింది అది కనపడితే.

ఫ్రిస్కో_పద్మ
బాబూ, నీకు మంచి మార్కులు రావాలి. డబ్బా బయటిగోడకి ఆనుకుని ఉన్న పుస్తకాల అలమరాలో, కింది అరలో ఉంది. వాడు వెళ్ళాక పైన వాడి గది నుంచి నేనే దింపించాను. నిన్న రాత్రి వంటింటి థర్మామీటరు పక్కన పెట్టి పొద్దున చూస్తే 64! మా ఆయన సాలీడు సంగతి వదిలేసి గోడ ఇన్సులేషన్ సంగతి మొదలుపెట్టాడు. కాళ్ళు మాత్రం ముడుచుకోలేదు, బాగానే చాపుకుని కూర్చుంది.

చికాగో_చంటి
సింపుల్ అక్కా. అడుగున హీట్ మ్యాట్, అదే కరెంటుతో వేడెక్కే పట్ట, పెట్టెయ్. నేను నాలుగు చలికాలాలుగా వాడుతున్నా, మాది రాజాలా తింటుంది.

కుబుసం_కలెక్టర్
పద్మగారూ, ఆ పని చెయ్యకండి. బొరియలో ఉండే జీవికి వేడి పైనుంచి వస్తుంది. ఎండ ఎక్కువైతే అది కిందకి తవ్వుకుని చల్లదనంలోకి వెళ్తుంది. మీరు అడుగున మ్యాట్ పెడితే వేడి నుంచి తప్పించుకుందామని ఇంకా కిందకి తవ్వుతుంది, సరిగ్గా పెనం మీదకి చేరుతుంది. ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. రోజ్ హెయిర్‌కి 64 ప్రమాదం కాదు. డబ్బాని లోపలిగోడ వైపు, పై అరలో పెట్టండి చాలు.

చికాగో_చంటి
నాలుగేళ్ళుగా బతికున్నదాన్ని చూసి కూడా తప్పంటారేంటి సార్?

టెంపె_సుబ్బు
తమ్ముడూ, నీది ఏ రకం?

చికాగో_చంటి
అవిక్యులారియా. పింక్ టో.

టెంపె_సుబ్బు
అది చెట్టుమీద ఉండేది కదయ్యా! నిలువు డబ్బాలో పైన గూడు కట్టుకుని కూర్చుంటుంది. దాని అడుగున నువ్వు కుంపటి పెట్టినా కాలు కిందపెట్టదు. అక్కది నేలమీదది.

చికాగో_చంటి
అది నిజమే. నేను పక్కగోడకి అంటించా, అడుగున కాదు, థర్మోస్టాట్‌తో. తొందరలో అలా రాశా. అక్కా, ఆగు.

ఫ్రిస్కో_పద్మ
ఆర్డర్ పెట్టేశా, క్యాన్సిల్ చేస్తున్నా.

డెన్వర్_రైతుబిడ్డ
చలి, తేమ, వెలుగు అంటున్నారు, అది ఎక్కడి పురుగో ఒక్కరూ చూడరేం. రోజ్ హెయిర్ చిలీది. భూమధ్యరేఖకి కింద. మనకి దసరా అంటే వాళ్ళకి వసంతం. అక్కడ వానలు ఎక్కువగా పడేది మే నుంచి ఆగస్టు దాకా, అంటే వాళ్ళ చలికాలంలో. తర్వాత వేసవంతా ఎండు. మనకి చలి వస్తుంటే దాని లోపలి గడియారం "ఎండాకాలం వస్తోంది, లోపలికి పో" అంటుందేమో.

లెస్టర్_లక్ష్మి
మాది ఇక్కడే పుట్టింది. అది చిలీని గూగుల్ మ్యాపులో కూడా చూళ్ళేదు.

డెన్వర్_రైతుబిడ్డ
మీది ఇక్కడ పుట్టింది. పద్మగారిది? పెట్ షాపుల్లో ఎన్నో ఏళ్ళు అమ్మినవి చిలీ అడవిలో పట్టి తెచ్చినవే. గోధుమరంగువాటిని గ్రామోస్టోలా పోర్టెరి అని, ఎర్రగా ఉండేవాటిని రోజియా అని పిలిచేవాళ్ళు. షాపులో రెండింటికీ ఒకటే చీటీ. వయసు ఎంతో, ఎక్కడ పుట్టిందో ఎవడికీ తెలియదు.

తిరుపతి_వెటర్నరీ
అడవిలో పట్టిందే అయినా ఇన్నేళ్ళు టెక్సాస్‌లో ఉన్నాక పాత గడియారమే నడుస్తుందని ఎలా చెప్పగలం అన్నా? వినడానికి బాగుంది. రుజువు?

డెన్వర్_రైతుబిడ్డ
రుజువు లేదు. నాకలా అనిపిస్తుంది, అంతే. కానీ మగదా ఆడదా అన్నది మాత్రం తేల్చుకోవాలి. అది నేను కళ్ళారా చూసిన విషయం.

మా కొలరాడోలో లా హంటా అని ఒక ఊరుంది, ఆగ్నేయంలో, కమాంచీ గడ్డిభూముల పక్కన. ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా సాయంత్రం ఎండ దిగేవేళకి అక్కడి మట్టిరోడ్లు దాటుతూ టరాంటులాలు కనపడతాయి. అఫోనోపెల్మా హెంట్జి. ఊళ్ళో పండగ కూడా చేస్తారు, పిల్లల్ని తీసుకుని నేనూ పోయా. జనం వలస అంటారు కానీ అది వలసేం కాదు, అన్నీ మగవే, పెళ్ళికూతుళ్ళని వెతుక్కుంటూ బయల్దేరినవి. ఆడవి బొరియ దాటవు, ఇరవై ఏళ్ళు పైన బతుకుతాయి. మగది ఏడెనిమిదేళ్ళు పెరిగి ఆఖరి కుబుసం విడిచాక ఇక తిండి మీద ధ్యాస ఉండదు. నడకే నడక. ఆ నడకలోనే కార్ల కింద పడేవి కొన్ని, టరాంటులా హాక్ కందిరీగకి దొరికేవి కొన్ని, ఆడదాని నోట్లోకి పోయేవి కొన్ని. మిగిలినవి చలికి పోతాయి.

నా దగ్గర ఒక హెంట్జి మగది ఉండేది. సెప్టెంబరులో అద్దం వెంబడి రాత్రంతా తిరిగేది, మూలకి వచ్చి ముందుకాళ్ళతో తడిమి, మళ్ళీ వెనక్కి. తిండి ముట్టలేదు. దాని ఆయుష్షు అయిపోవస్తోందంతే, జబ్బేం కాదు. పద్మగారూ, నోటి పక్కనుండే పొట్టి కాళ్ళ కొసలు చూడండి. బాక్సింగ్ గ్లౌజుల్లా ఉబ్బి ఉంటే మగది. మొదటి జత కాళ్ళకి లోపలివైపు కొక్కేలు కూడా ఉంటాయి.

టెంపె_సుబ్బు
మా వైపు మగవి ముందే బయల్దేరతాయి, జులైలో మాన్‌సూన్ వానలు పడ్డాక. ఒకే దేశం, ఒకే ప్రజాతి, అయినా ఒక్కో చోట ఒక్కో ముహూర్తం. కాలిఫోర్నియా వాళ్ళకి సెప్టెంబరు, అక్టోబరు. మార్గమధ్యంలో ఇంకో సంగతి: అక్కడ ఫాల్సమ్ జైలు దగ్గర దొరికిన ఒక నల్లటి జాతికి 2016లో గాయకుడు జానీ క్యాష్ పేరు పెట్టారు, అఫోనోపెల్మా జానీక్యాషి. ఆయన నల్లబట్టలకీ జైలు పాటకీ గుర్తుగా. ఆ ఒక్క పరిశోధనలోనే అమెరికా అఫోనోపెల్మాలన్నీ తిరగేసి 29 జాతులని తేల్చారు, అందులో 14 కొత్తవి.

బూజుకర్ర
మన వాళ్ళలో ఎవరి పేరైనా పెట్టారా?

నల్లమల_గాలి
మనిషి పేరు దేనికి, ఊరి పేరే ఉంది. గుత్తి. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికినదాన్ని 1899లో పోకాక్ అనే ఆయన వర్ణించాడు, పోసిలోథేరియా మెటాలికా. నీలం రంగు. ఆ తర్వాత వందేళ్ళు దాని జాడ లేదు. అసలు దాని అడవి గుత్తి కాదు, మా వైపు. నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య నల్లమలలో 2001లో మళ్ళీ కనపడింది. కలప దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంటారు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద అది ఉన్నట్టు తెలిసింది ఆ చిన్న ముక్కలోనే. 2008 నుంచి ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో అంతరించే ప్రమాదం బాగా ఎక్కువున్న జాబితాలో ఉంది.

ఇక్కడ దానికి కాలమంటే వానే. ఎండాకాలం ఆకు రాలిపోయి అడవంతా ఎండుపుల్లల్లా ఉంటుంది, అది చెట్టు తొర్రలో లోపలెక్కడో ఉంటుంది. తొలకరి పడితే గాని పురుగూ పుట్రా లేవదు, అవి లేస్తే గాని దీనికి తిండి లేదు.

లెస్టర్_లక్ష్మి
యూరప్‌లో గుత్తి నీలాన్ని పెంచి పిల్లలు చేయించేవాళ్ళు కూడా అదే పద్ధతి చేస్తారు. ముందు కొన్ని వారాలు నీళ్ళు తగ్గించి, గది కాస్త చల్లబరిచి, తర్వాత వేడి పెంచి డబ్బా తడుపుతారు. చలికాలం పోయి వానాకాలం వచ్చినట్టు. ఇప్పుడు చెప్పండి సుబ్బుగారూ, మీ తేమకి సగం మార్కులు ఇస్తున్నా.

కొత్తగా_చేరా
నల్లమల బ్రో, సమ్మర్‌లో ఊరొస్తున్నా. ఒకటి దొరుకుతుందా? ఎంతైనా పర్లేదు.

నల్లమల_గాలి
దొరకదు. అడగకు కూడా.

కుబుసం_కలెక్టర్
కొత్తబాబూ, పోసిలోథేరియా ప్రజాతి మొత్తం 2019లో సైటిస్, అంటే వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, రెండో అనుబంధంలోకి వెళ్ళింది. పర్మిట్ లేకుండా దేశం దాటిస్తే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. అమెరికాలో కూడా శ్రీలంక పోసిలోథేరియాలు అయిదింటిని 2018లో అంతరించిపోతున్నవాటిగా ప్రకటించారు, రాష్ట్రం దాటించి అమ్మాలన్నా పర్మిట్ కావాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది కరిస్తే నొప్పీ కండరాల పట్లూ రోజుల తరబడి ఉంటాయి. నీ మొదటి సాలీడుగా అస్సలు పనికిరాదు. అమెరికాలో పుట్టిన కర్లీ హెయిర్ అనే రకం ఒకటి తీసుకో. చవక, సాధువు, ఏ కాలంలోనైనా తింటుంది.

అడ్మిన్
అడవి నుంచి పట్టినవాటి బేరాలు ఇక్కడ కుదరవు. తర్వాత వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. సూర్యకాంతం దగ్గరికి రండి.

ఆస్టిన్_హారిక
కర్లీ హెయిర్ ఏ కాలంలోనైనా తింటుందన్నది నిజం. నా దగ్గర అదీ, మెక్సికన్ రెడ్ నీ (మోకాళ్ళు ఎర్రగా ఉండే రకం) పక్కపక్కనే ఒకే అరలో ఉన్నాయి. అదే వెలుగు, అదే తేమ, అదే చలి. కర్లీ జనవరిలో కూడా పటకారు మీద నుంచే లాక్కుంటుంది. రెడ్ నీ నవంబరులో గుంత మూసుకుంటే ఫిబ్రవరి దాకా ముఖం చూపించదు. కాబట్టి బయట ఏం మారిందన్నదే కాదు, ఏది ఎలా తీసుకుంటుందన్నదీ ఉంది. మీరంతా కారణం ఒక్కటే ఉండాలన్నట్టు కొట్టుకుంటున్నారు.

లెస్టర్_లక్ష్మి
కొట్టుకోకపోతే ఈ వేదిక ఎందుకమ్మా.

చికాగో_చంటి
వాన ముందు గాలి ఒత్తిడి పడిపోతే ఆ రోజే కుబుసం విడుస్తాయంటారు, నిజమేనా?

కుబుసం_కలెక్టర్
చాలామంది నమ్ముతారు. నేను రాసుకున్న తేదీల్లో నాకైతే అలాంటిదేమీ కనపడలేదు. వానరోజు విడిస్తే గుర్తుంటుంది, ఎండరోజు విడిస్తే మర్చిపోతాం.

ఆస్టిన్_హారిక
అత్యవసరం!! రెడ్ నీ గురించి రాశానో లేదో, గుంత బయటికి వచ్చి వెల్లకిలా పడుంది. కాళ్ళు పైకి. తిప్పనా?

కుబుసం_కలెక్టర్
ముట్టుకోవద్దు! చచ్చేది వెల్లకిలా పడదు, బోర్లా కాళ్ళు ముడుచుకుని పోతుంది. ఇది కుబుసం విడుస్తోంది. కింద తెల్లటి పట్టు పరుపు ఉందా?

ఆస్టిన్_హారిక
ఉంది. ఇప్పుడే చూశా.

కుబుసం_కలెక్టర్
లైటు ఆపి తలుపు వేసి వెళ్ళిపోండి. డబ్బా కదపొద్దు, ఊదొద్దు, నీళ్ళు చల్లొద్దు. అయ్యాక కోరలు తెల్లగా ఉంటాయి, తర్వాత ఎర్రబడి నల్లబడతాయి. పూర్తిగా నల్లబడేదాకా తిండి వెయ్యకండి, పెద్దదానికి రెండు వారాలైనా ఆగండి.

ఆస్టిన్_హారిక
అయిపోయింది. పాత చర్మం పక్కన పెట్టి కొత్త నారింజరంగు మోకాళ్ళు చాపుకుని కూర్చుంది. నేనింకా వణుకుతున్నా.

ఫ్రిస్కో_పద్మ
మావాడు నిన్న రాత్రి వచ్చాడు. నేను ఇక్కడ అందరూ చెప్పినవి ఒక్కొక్కటే అప్పజెప్తుంటే నవ్వి, పైకెళ్ళి ఒక లాంగ్‌బుక్ తెచ్చాడు. లెక్కల నోట్సు అనుకుని నేను అటక మీద పడేసిన పుస్తకమే. లోపల తేదీ వేసి ప్రతి వారం ఏం వేశాడో, తిన్నదో లేదో రాసుకున్నాడు. తింటే టిక్కు, తినకపోతే సున్నా. ప్రతి ఏడాదీ అక్టోబరు వచ్చేసరికి సున్నాలు మొదలు. పేజీ నిండా సున్నాలే, మధ్యలో విసుగొచ్చి ఒక సున్నాకి కళ్ళూ మీసాలూ గీశాడు. మార్చిలో హోలీ అటూ ఇటూగా టిక్కులు. ఒక ఏడాది మాత్రం ఏప్రిల్ దాకా సున్నాలే, ఆ తర్వాత మే నెలలో పెద్ద అక్షరాలతో కుబుసం అని రాసుంది. పేజీ తిప్పితే జిప్ కవర్లో ఆ చర్మం! పుస్తకం విసిరేశా.

తిరుపతి_వెటర్నరీ
ఇదే అసలైన రుజువు. అన్నీ ఊహించాం, ఆ పుస్తకం ఉందా అని ఎవరూ అడగలేదు.

లెస్టర్_లక్ష్మి
ఒక్క నిమిషం. అప్పుడు డబ్బా పైన వాడి గదిలో ఉండేదన్నారు కదా? ఆ గది వెచ్చగా ఉండేదా, కిటికీ ఉందా?

ఫ్రిస్కో_పద్మ
చాలా వెచ్చన, వేడంతా పైకే పోతుంది. కిటికీ పక్కనే ఉండేది డబ్బా.

లెస్టర్_లక్ష్మి
చూశారా! 64 లేదు, చలి లేదు, అయినా మానేసింది. కిటికీ. వెలుగు. నేను మొదట్నుంచీ చెప్తున్నా.

టెంపె_సుబ్బు
హీటర్ గాలి పైగదికే కదా ఎక్కువ పోయేది. ఎండిపోవడమూ అక్కడే ఎక్కువ.

డెన్వర్_రైతుబిడ్డ
చిలీ.

తిరుపతి_వెటర్నరీ
ఆ పుస్తకంతో మీ ముగ్గురిలో ఎవరిదీ తప్పని చెప్పలేం, ఒప్పనీ చెప్పలేం. వెలుగూ వేడిగాలీ తేదీ అన్నీ కలిసే మారుతున్నాయి. ఈ ఏడాది కింది అరలో చీకట్లో కూడా మానేసింది కాబట్టి లక్ష్మిగారి కిటికీ కాస్త బలహీనపడినట్టే. కానీ పద్మగారికి కావాల్సింది తేలిపోయింది: ఈ సాలీడుకి ఇది మామూలే. మార్చి దాటి ఏప్రిల్‌లో కూడా తినకపోతే బట్టతల మచ్చ రంగు చూడండి, నల్లబడుతుంటే కుబుసం. పొట్ట ముడతలు పడి తల భాగం కంటే చిన్నదైపోతే అప్పుడు వెట్.

కుబుసం_కలెక్టర్
ఆ కవర్లో చర్మం పారెయ్యకండి. సబ్బు చుక్క వేసిన గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే పొట్ట భాగం విచ్చుకుంటుంది. లోపల ముందు జత ఊపిరితిత్తుల తెల్లటి మచ్చల మధ్య చిన్న మడతలాగా ఒక సంచి కనపడితే ఆడది. మగదానికి అది ఉండదు. రైతుబిడ్డ గారి అనుమానం తీరిపోతుంది.

ఫ్రిస్కో_పద్మ
వాడు చేశాడు, నేను దూరం నుంచి చూశా. ఉంది. పేరు మార్చక్కర్లేదు.

డెన్వర్_రైతుబిడ్డ
అయితే ఇంకో ఇరవై ఏళ్ళు మీ ఇంట్లోనే. మీవాడికి పెళ్ళయి పిల్లలు పుట్టినా ఇది ఉంటుంది.

ఫ్రిస్కో_పద్మ
పెళ్ళికూతురికి ముందే చెప్పాలన్నమాట. సరే, ఆఖరి ప్రశ్న. సంక్రాంతికి నెల్లాళ్ళు ఊరెళ్తున్నాం, వాడు కాలేజీకి వెళ్ళిపోతాడు. దీన్ని ఎవరికి అప్పజెప్పాలి? ఇంట్లో హీటర్ ఆపెయ్యొచ్చా?

కుబుసం_కలెక్టర్
హీటర్ ఆపకండి, 65 మీద పెట్టి వెళ్ళండి. బరువైన గిన్నెలు రెండు, నిండా నీళ్ళు, తిరగబడనివి. లోపల ఒక్క క్రికెట్ కూడా ఉండకూడదు. ఎలాగూ తినదు కాబట్టి నెల పెద్ద విషయం కాదు, నీళ్ళు ఆరిపోకుండా ఎవరైనా మధ్యలో ఒకటి రెండుసార్లు చూస్తే చాలు. వాళ్ళని చెయ్యి లోపల పెట్టొద్దనండి. రోజ్ హెయిర్ పొట్ట మీది వెంట్రుకలు కాళ్ళతో విసురుతుంది, చర్మానికి దురద, కళ్ళలో పడితే డాక్టరే. పొడుగు మూతి సీసాతో పైనుంచి పొయ్యమనండి.

బూజుకర్ర
మా ఇంటికి మాత్రం పంపొద్దు. మా ఆవిడ తిరిగివ్వదు.

ఫ్రిస్కో_పద్మ
పక్కింటావిడ ఒప్పుకుంది, తులసి మొక్కకి ఎలాగూ రోజూ వస్తుంది. డబ్బాలో ఏముందో ఇంకా చెప్పలేదు.

కుబుసం_కలెక్టర్
తాళాలు ఇచ్చే ముందే చెప్పండి. అలాగే మూతకి రెండువైపులా క్లిప్పులు ఉన్నాయో లేదో చూడండి, రాత్రిళ్ళు అద్దమెక్కి మూత ఎత్తగలవు.